మిజాజ్ తెలిస్తే.. మాట కలుస్తుంది!

* తోటివారి స్వభావం ఎరిగి మసలుకుంటే పనిలో పొరపాట్లు తగ్గుముఖం
* మనిషికి ముద్ర వేస్తే మాత్రం మొదటికే మోసం

చార్మినార్: పాతబస్తీలో తెలిసినవారు ఎదురుపడితే 'మిజాజ్ కైసా హై' అని పలకరించుకోవడం తరతరాల అలవాటు. క్షేమమేనా అని దాని భావం. మాటకు మాట చూస్తే మాత్రం 'మీ స్వభావం ఎలా ఉంది' అని అడుగుతున్నట్లే. చార్మినార్ పక్కనే ఉన్న ప్రభుత్వ నిజామియా ఆసుపత్రిలో ఈ మాటకు మరింత లోతైన అర్థం ఉంది. రోగి మిజాజ్ ఏమిటో తెలుసుకోవడం యునానీ చికిత్సకు మొదటి మెట్టు. ఒకే జబ్బుతో వచ్చిన ఇద్దరికి మిజాజ్‌ను బట్టి వేర్వేరు మందులు, వేర్వేరు పథ్యం చెప్పడం ఆ వైద్యంలో పరిపాటి.

జబ్బు ఒకటే అయినా మందు మారుతున్నప్పుడు, అందరికీ ఒకే తీరున చెప్పిన మాట అందరికీ ఒకేలా ఎక్కుతుందా? దుకాణం, కార్యాలయం, బడి, ఆసుపత్రి.. నలుగురు కలిసి పనిచేసే ప్రతిచోటా ఎదురయ్యే ప్రశ్న ఇది.

నోరు మూతపడితే నష్టమే

రంజాన్ రోజుల్లో పత్తర్‌గట్టీలోని ఒక బట్టల దుకాణాన్ని ఊహించుకోండి. కొత్త సరుకు దిగింది. సాయంత్రానికల్లా లెక్క తేలాలని యజమాని ఆదేశించాడు. ఒక గుమస్తా చకచకా చూసి అరగంటలో అంకె చెప్పేశాడు. రెండో గుమస్తా ఒక్కో కట్ట విప్పి లెక్కపెడుతూ కూర్చున్నాడు. 'ఇంత నిదానమైతే ఎట్లా?' అని యజమాని అందరి ఎదుటా కసురుకున్నాడు. మొదటి గుమస్తా లెక్కలో రెండు కట్టలు తేడా వచ్చిన సంగతి రెండో గుమస్తా గమనించాడు. అయినా మాట పడిన మనిషి కనుక నోరు మెదపలేదు.

ఇక్కడ ముగ్గురిలో ఎవరూ చెడ్డవారు కారు. ఒకరిది తొందర, ఒకరిది ఓపిక, ఒకరిది బాధ్యత. ఒకరి తీరు మరొకరికి అర్థం కాకపోవడమే చిక్కు. దుకాణంలో పోయేది రెండు కట్టల బట్ట. అదే ఆసుపత్రిలో మందు మోతాదు తేడాగా ఉందని గుర్తించిన నర్సు, పెద్ద డాక్టరు కోప్పడతారేమోనని మిన్నకుంటే పోయేది ప్రాణం.

వెయ్యేళ్లకు ముందే వర్గీకరణ

మనుషులను స్వభావాన్ని బట్టి విభజించడం నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. గ్రీకు వైద్యులు హిప్పోక్రటీస్, గేలెన్‌ల భావనలను అరబ్బు, పారశీక వైద్యులు అందిపుచ్చుకున్నారు. 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో వాటిని విపులంగా చర్చించారు. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాలలో ఏది అధికమైతే ఆ స్వభావం వస్తుందన్నది యునానీ సిద్ధాంతం. వాటినే దమ్వీ, బల్గమీ, సఫ్రావీ, సౌదావీ మిజాజ్‌లు అంటారు. వాత, పిత్త, కఫ ప్రకృతుల గురించి విన్న తెలుగువారికి ఇది కొత్తగా అనిపించదు.

స్వభావానికి ఈ ద్రవాలే కారణమన్న మాటను ఆధునిక విజ్ఞానం అంగీకరించదు. కానీ నాలుగు రకాల మనుషుల వర్ణన మాత్రం రూపాలు మార్చుకుంటూ నిలిచింది. 1921లో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజనను ప్రచారంలోకి తెచ్చారు. దాని ఆధారంగా అమెరికాకు చెందిన కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసాబెల్ మైయర్స్ 16 రకాల వ్యక్తిత్వాలను తేల్చే ప్రశ్నావళి రూపొందించారు. 1928లో విలియం మార్‌స్టన్ ప్రతిపాదించిన నాలుగు ధోరణులే నేటి 'డిస్క్' పరీక్షకు మూలం. కంపెనీలు ఉద్యోగుల శిక్షణలో వాడుతున్న పరీక్షల్లో ఈ రెండూ ప్రసిద్ధమైనవి.

ఎవరితో ఎలా మాట్లాడాలి?

పేర్లు ఏవైనా, పని చోట సాధారణంగా కనిపించే ధోరణులు నాలుగు.

* ఉల్లాసపరులు: నలుగురిలో ఉంటే ఉత్సాహం. మాటల్లోనే ఆలోచిస్తారు. వీరు చెప్పేది ముందు విని, చివర ఒప్పుకున్న పనిని, గడువును కాగితంపై రాసి ఇవ్వాలి.

* తొందరపరులు: నిర్ణయం వెంటనే జరగాలి. వీరికి సుదీర్ఘ ఉపోద్ఘాతం గిట్టదు. అసలు సంగతి మొదట చెప్పి, వివరాలు తర్వాత చెప్పాలి. స్వరం పెరిగినంత మాత్రాన ద్వేషమని అనుకోరాదు.

* నిదానపరులు: ఓర్పు ఎక్కువ, గొడవలకు దూరం. 'సరే' అన్నారంటే సమ్మతించారనే అర్థం కాదు. ఏకాంతంగా అడిగితే మనసులోని మాట చెబుతారు. మార్పులు ఉంటే ముందుగా తెలపాలి.

* ఆలోచనాపరులు: వివరాలపై పట్టు, తప్పు జరుగుతుందేమోనన్న బెంగ. వీరికి లెక్కలు, కారణాలు కావాలి. అప్పటికప్పుడు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకుండా కొంత సమయం ఇవ్వాలి.

ఈ పట్టికను ఎదుటివారిపై ప్రయోగించే ముందు తమ తీరు ఏదో గుర్తించడం మేలు. తొందర మనిషికి తన తొందర తెలిస్తేనే ఎదుటివారి నిదానం సోమరితనంగా కనిపించదు.

పరీక్షలకూ పరిమితులున్నాయి

16 రకాల పరీక్షను కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే ఫలితం వస్తున్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఉద్యోగుల ఎంపికకు దీనిని వాడరాదని ఆ ప్రశ్నావళిని అందించే సంస్థే స్పష్టం చేస్తోంది. శాస్త్రవేత్తలు ఎక్కువగా ఆమోదించే విధానంలో రకాలు లేవు, అయిదు కొలమానాలు ఉన్నాయి. కొత్తదనంపై ఆసక్తి, క్రమశిక్షణ, బహిర్ముఖత్వం, సౌమనస్యం, ఆందోళన అన్నవే అవి. అత్యధికులు ఈ కొలమానాల మధ్య భాగంలోనే ఉంటారు. పూర్తిగా ఇటో అటో ఉండేవారు తక్కువ.

యునానీలో సైతం మిజాజ్ జీవితాంతం ఒకే తీరున ఉండదు. వయసును బట్టి, రుతువును బట్టి అది మారుతుందని ఆ గ్రంథాలే చెబుతాయి. కనుక 'ఆయన ఎప్పుడూ అంతే' అని తీర్మానించడం ఏ శాస్త్రమూ ఒప్పని మాట. అటువంటి ముద్ర పడిన మనిషికి మంచి అవకాశం రాదు. మారాలన్న కోరికా నశిస్తుంది.

అన్ని అపార్థాలకూ స్వభావమే కారణమనుకోవడం కూడా పొరపాటే. తెలుగు, ఉర్దూ కలిసి మాట్లాడే పాతబస్తీలో మాటల తేడా కూడా ఉంటుంది. ఉర్దూలో 'కల్' అంటే నిన్న, రేపు కూడా. హైదరాబాదీ దక్కనీలో 'పర్సోఁ' అంటే మొన్న కావచ్చు, ఎన్నో నెలల కిందట కావచ్చు. గడువు విషయంలో తేదీ, వారం చెప్పుకొంటే సగం తగాదాలు తలెత్తవు.

లక్క చల్లారేలోగా..

కలిసి పనిచేయడం ఎలాగో లాడ్‌బజార్ గాజుల తయారీని చూస్తే బోధపడుతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజుల వెనుక ఎన్నో చేతులు ఉంటాయి. కుంపటి సెగపై లక్కను మెత్తబరచి, సాగదీసి, గాజుగా మలచేందుకు వేగం కావాలి. అందులో చిన్న చిన్న రాళ్లు వరుస తప్పకుండా పొదిగేందుకు ఓపిక కావాలి. లక్క చల్లారి గట్టిపడితే రాయి దిగదు. వేగిరం గల చేయి, నిదానం గల చేయి ఒకదాని లయ మరొకటి ఎరిగి ఉంటేనే గాజు పూర్తవుతుంది.

ఆధునిక పరిశోధనలు చెబుతున్నదీ ఇదే. హైదరాబాద్‌లోనూ పెద్ద కార్యాలయం ఉన్న గూగుల్ సంస్థ 2012లో తన 180 బృందాలపై అధ్యయనం ప్రారంభించింది. బృందంలో ఎవరెవరు ఉన్నారన్న దానికన్నా, వారు ఒకరితో ఒకరు ఎలా వ్యవహరిస్తున్నారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తోందని తేలింది. తప్పు ఒప్పుకొన్నా, సందేహం అడిగినా అవమానం జరగదన్న భరోసా అన్నిటికన్నా ముఖ్యమని వెల్లడైంది.

ఆసుపత్రుల్లోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. శస్త్రచికిత్సల భద్రత కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల పట్టిక విడుదల చేసింది. కోత పెట్టే ముందు గదిలోని వారంతా తమ పేరు, తాము చేసే పని చెప్పుకోవాలన్నది అందులో ఒకటి. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఈ పట్టికను అమలుచేయగా మరణాల రేటు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్లు 2009లో ప్రచురితమైంది. ఆ ఘనత పట్టికలోని అంశాలన్నిటిదీ. అయినా అంతర్ముఖులైన వారు సైతం ముందే ఒకసారి గొంతు విప్పితే, అవసరం పడినప్పుడు హెచ్చరించడానికి జంకరన్నది ఆ నియమం వెనుక ఉన్న ఆలోచన.

రేపటి నుంచే ఆచరించవచ్చు

* 'మీకు పని ఎలా చెబితే సౌకర్యం?' అని ప్రతి సహోద్యోగినీ ఒకసారి అడగండి. ఊహించడం కన్నా అడగడం సులువు.
* సమావేశంలో మొదట పెద్దవారు మాట్లాడితే చిన్నవారు తలూపుతారు. చిన్నవారితోనే మొదలుపెట్టండి.
* తప్పును ఏకాంతంలో చెప్పండి. మెప్పును నలుగురిలో చెప్పండి.
* భాయ్, ఆపా, అన్నా, గారు.. ఎవరిని ఎలా పిలిస్తే గౌరవమో తెలుసుకోండి.
* షిఫ్టు మారేటప్పుడు చెప్పిన విషయాన్ని ఎదుటివారితో తిరిగి చెప్పించుకోండి. స్వభావం ఏదైనా ఈ పద్ధతి పొరపాటును పట్టిస్తుంది.

వీటిలో దేనికీ ఖర్చు లేదు, ప్రశ్నావళి అవసరం లేదు. కసురుకున్న యజమాని మర్నాడు ఆ గుమస్తాను పక్కకు పిలిచి 'నిన్న నీకేమైనా తేడా కనిపించిందా?' అని అడిగితే చాలు, ఆ రెండు కట్టల సంగతి బయటపడేది. 'మిజాజ్ కైసా హై' అని రోజూ అడుగుతూనే ఉన్నాం. అడిగాక జవాబు కోసం ఒక్క నిమిషం ఆగడమే మిగిలింది.