రేగడి దారులకు చౌకైన టైర్లు

మన సంఘములలో చాలవాటికి నేడు సొంత పికప్ బండి యున్నది, లేదా నెల బాడుగకు కుదుర్చుకొన్న బండి యున్నది. నూలు బేళ్లు తెచ్చుటకు, పడుగులను ఇల్లిల్లు చేర్చుటకు, నేసిన సరుకును బళ్లారికో గుంతకల్లుకో పంపుటకు అదియే ఆధారము. బండి రెండు దినములు బురదలో నిలిచిన మగ్గము నిలుచును. మగ్గము నిలిచిన ఇంటికి ఆ వారము కూలి తగ్గును. పైగా టైర్ల ఖర్చు సంఘపు పద్దులో పడునది, అనగా సభ్యులందరి సొమ్ము. కావున ఇది డ్రైవరు చూచుకొనునులే అని విడువదగిన సంగతి కాదు.

కుడతిని బళ్లారి నుండి తోరణగల్లు పోవు పెద్దరోడ్డు మీది ఊరు. విద్యుత్కేంద్రపు లారీలు, ఖనిజపు లారీలు తిరుగు ఆ దారి తారు దారి. రోడ్డు దిగి పల్లెవైపు మళ్లితే నల్లరేగడి. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో నిలిచినవి, బళ్లారి తాలూకా మైసూరులో చేరినది. సరిహద్దు గీత మారినది గాని మన్ను మారలేదు. ఇక్కడ వ్రాయునది ఆ ప్రక్క సంఘములకు కూడ పనికివచ్చునని మా నమ్మకము.

ఈ మధ్య కొందరు సభ్యులు “మడ్ టైర్లు నాలుగు వేయించితే పీడ వదలును గదా” అని అడుగుచున్నారు. ఆ టైరు ఎట్లు పనిచేయునో ముందు చూతము. దాని మీద బటన్లు పెద్దవి, వాటి మధ్య సందులు వెడల్పు. చక్రము తిరుగునప్పుడు సందులలోని బురద బయటికి చిమ్మబడి, బటను అంచు మరల మన్నును పట్టుకొనును. పొలము దారిలో ఇది మేలే. తారు మీద మాత్రము అదే సందు నష్టము. నేలను తాకు రబ్బరు తక్కువ గనుక త్వరగా అరుగును, రొద చేయును, డీజిలు ఎక్కువ త్రాగును, తడిసిన తారు మీద బ్రేకు వేసిన ఆగు దూరము పెరుగును. మన బండి తిరుగుడులో తారు ఎంత, మన్ను ఎంత? మా లాగ్ పుస్తకము తీసి చూచితిమి. పది కిలోమీటర్లకు ఎనిమిదికి పైగా తారే. ఆ చివరి రెండు కిలోమీటర్ల కొరకు మిగిలిన ఎనిమిదిలో నష్టపడుట లెక్కకు నిలువదు.

మరియొక సంగతి దాచరాదు. గట్టి వాన కురిసిన పూట రేగడిలో ఏ టైరూ పూర్తిగా ఆదుకొనదు. ఈ మన్ను నీరు పీల్చి ఉబ్బును, బంకవలె అంటుకొనును. నాలుగు చుట్లలో సందులన్నియు పూడి, ఎంత ఖరీదు టైరైనను నున్నని గుండువలె జారును. ఎడ్లబండి వాడు కూడ అటువంటి దినమున బండి కట్టడు. కమిటీ మాటగా మేము డ్రైవరుకు చెప్పినది ఇది: వాన వెలిసి ఒక పూట ఎండ తగిలిన తర్వాతనే రోడ్డు దిగుము, అంతవరకు నూలును రోడ్డుప్రక్కనున్న సభ్యుని ఇంట దింపుము.

ఇక మేము ఎంచుకొన్న పద్ధతి. మన పికప్ బండ్లలో చాలవరకు ఇంజను బలము వెనుక చక్రములకే పోవును. ముందు చక్రముల పని దారి త్రిప్పుట. అందుచేత వెనుక రెంటికి బటన్ టైర్లు, ముందు రెంటికి నిలువు గీతల టైర్లు. లారీల వారు ఎన్నో ఏండ్లుగా చేయుచున్నది ఇదే. ఈ బటన్ టైరు మడ్ టైరంత మొరటుది కాదు, ధరయు అంత లేదు. తారు మీద ఓర్చుకొనును, ఆరుతున్న బురదలో పట్టు ఇచ్చును. ఒక ఇరుసు మీది రెండు టైర్లు ఒకే రకము, ఒకే కొలత ఉండవలెను. ఒకవైపు రేడియల్, ఒకవైపు నైలాను వేయుట ఎన్నటికీ కూడదు.

కొనునప్పుడు టైరు ప్రక్కన వ్రాసినది చదువుట నేర్వవలెను. అంగడివాని మాటకంటె అది నమ్మదగినది. టాటా ఏస్ బండ్లకు వాడు 145 ఆర్ 12 ఎల్‌టీ 8 పీఆర్ అను గుర్తు చూడుడు. 145 వెడల్పు మిల్లీమీటర్లలో, ఆర్ అనగా రేడియల్, 12 రిమ్ము కొలత అంగుళములలో, ఎల్‌టీ చిన్న సరుకు బండికి చెందినదని, 8 పీఆర్ బరువు మోయు గట్టితనము. అదే కొలతలో కారు టైరు చౌకగా దొరకవచ్చును, కాని నూలు బేళ్ల బరువుకు అది తగదు. బరువు సూచిక అని మరియొక అంకె యుండును: 100 అనిన ఒక టైరు 800 కిలోలు మోయునని అర్థము. చివరగా నాలుగంకెల తేదీ. 3224 అనిన 2024వ సంవత్సరము 32వ వారమున తయారైనది. రబ్బరు వాడకున్నను గట్టిపడును. ఒక అంగడిలో “కొత్త సరుకు, సగము ధర” అని మాకు చూపిన టైరు తేదీ చూడగా ఆరేండ్ల నాటిది. నమస్కారము చెప్పి వచ్చితిమి.

ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుండి ఈ టైర్ల మీద జీఎస్టీ 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. పన్ను కలుపని ధర 5,000 రూపాయలైన టైరు అంతకుముందు 6,400 పడెడిది, ఆ మార్పుతో 5,900 అయినది. బిల్లు లేకుండ ఇచ్చెదమనువారి మాట వినవద్దు. బిల్లు లేక వారంటీ లేదు, ఆడిటులో సమాధానమూ లేదు.

రీబటన్ టైర్ల మీద మనవారికి చులకన కలదు. అంత చులకన తగదు. ఎం.ఆర్.ఎఫ్. వారు 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఆట బుడగలతో మొదలుపెట్టి, 1952లో రీబటన్ రబ్బరు చేసి, ఆ తర్వాతనే 1961లో టైర్లకు వచ్చినారు. ఒళ్లు బాగున్న టైరుకు రీబటన్ వేయించిన కొత్త దాని ధరలో సగము కూడ పట్టదు. ప్రక్కన పగులు, ఉబ్బు, తీగ కనబడుట ఉన్నచో మాత్రము వద్దు. రీబటన్ వేసినది వెనుకకే. ముందు చక్రములకు ఎన్నడూ వేయించకూడదు.

బండి దిగబడినప్పుడు డ్రైవర్లు సర్కారు కంప కొట్టి చక్రము క్రింద వేయుదురు. బండి పైకి వచ్చును, ముండ్లతో ట్యూబు పోవును! పాత గోనె పట్టాలు నాలుగు, ఒక పార బండిలో నుంచిన చాలును. గాలి కొంచెము తగ్గించినను పట్టు పెరుగును గాని, తారు ఎక్కకముందే మరల నింపవలెను. గాలి తక్కువైన టైరు బరువుతో పరుగెత్తిన వేడెక్కి పగులును. కనుక కాలి పంపు లేనిదే గాలి తీయవద్దు. సరుకును వెనుక ఇరుసుకు సరిగా పైన సర్దిన చక్రము నేలను బాగుగా పట్టును. ఖాళీ బండి నిండు బండికంటె తేలికగా జారునని గమనింపుడు.

టైర్ల కంటె చౌకైన మందు ఒకటి కలదు, గరుసు. రోడ్డు దిగిన చోట, వంక దాటు చోట, ఎప్పుడూ దిగబడు ఆ కొద్ది గజములకే గరుసు తోలించవలెనని మా సంఘము పంచాయతీకి అర్జీ పెట్టినది. మంజూరైనచో ఎన్ని ట్రాక్టర్లు పట్టినదో, ఖర్చెంతయో తరువాతి సంచికలో వ్రాయుదుము. ఇతర సంఘముల వారు తమ బండి టైర్లు ఎన్ని కిలోమీటర్లు వచ్చినవో తెలిపినచో వాటిని కూడ ప్రకటింతుము.