ఖాయం అనేది ఎవరు?

కూతురు నర్సు. కెనడాలో స్థిరపడాలని ఆమె ఆశ. "రెండు లక్షలివ్వండి. ఖాయం చేస్తాను" అన్నాడు బ్రోకరు. పొలం తాకట్టు పెడదామనుకుంది తల్లి.

ఆగండి. ముందు పద్ధతి తెలుసుకుందాం.

కెనడాలో శాశ్వతంగా ఉండాలంటే ఆ దేశ ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. పనితనం ఉన్నవారి కోసం 2015లో 'ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ' అనే పద్ధతి పెట్టారు.

మొదట ఇంగ్లీషు పరీక్ష రాయాలి. మన చదువు అక్కడి ఏ చదువుకు సమానమో తెలిపే కాగితం తెచ్చుకోవాలి. తర్వాత కంప్యూటర్లో పేరు నమోదు చేసుకోవాలి. నమోదుకు ఫీజు లేదు. వయసు, చదువు, భాష, అనుభవం చూసి మార్కులు వేస్తారు. మొత్తం 1200. ఎక్కువ మార్కులు వచ్చినవారిని పిలుస్తారు. పిలుపు రాకపోవచ్చు కూడా.

పిలుపు వస్తే 60 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. పోలీసు సర్టిఫికెట్ కావాలి. డాక్టరు పరీక్ష చేయించుకోవాలి. పనిచేసిన చోటు నుంచి ఉత్తరం తేవాలి. అప్పుడు ఫీజు కట్టాలి. ఫోటో, వేలిముద్రలు ఇవ్వాలి. ఎంత చదివినా ఇక్కడ వేలిముద్ర వేయాల్సిందే! అది మనిషిని గుర్తుపట్టడానికి.

తర్వాత నెలల తరబడి ఎదురుచూడాలి. పిలుపు వచ్చిందంటే అనుమతి వచ్చినట్టు కాదు. కాగితాలన్నీ చూసి అక్కడి అధికారులే తేలుస్తారు. మరి బ్రోకరు ఖాయం ఎట్లా చేస్తాడు? దొంగ కాగితం పెడితే దరఖాస్తు పోతుంది. అయిదేళ్ళ దాకా ఆ దేశానికి రానివ్వరు. ఆ నష్టం బ్రోకరుకు కాదు, కూతురికే.

తల్లి తాకట్టు మానుకుంది. పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టింది. పుట్టిన తేదీ అంకెలు కూడబలుక్కుని చదివింది. ఒకదాంట్లో 3, ఇంకోదాంట్లో 8!

"ముందు ఇది దిద్దించుకో అమ్మా" అంది కూతురితో.