ఆ చివరి ‘ట’ ఎక్కడ రాలిపోయింది?

“ఆల్‌రైట్, గుడ్ నైట్.”

2014 మార్చి 8 తెల్లవారకముందే మాయమైన ఎంహెచ్ 370 విమానం నుంచి వినిపించిన ఆఖరి మాట ఇదేనని మొదట్లో ప్రపంచమంతా చెప్పుకుంది. ఆ మూడు ముక్కల మీద ఎంత చర్చ జరిగిందో! పైలట్లు అంత తేలిగ్గా మాట్లాడరట. అందులో ఏదో సంకేతం ఉందట. తీరా మూడు వారాలు గడిచాక, మార్చి నెలాఖరున, మలేషియా అధికారులు సంభాషణ పాఠాన్ని సరిచూసి అసలు సంగతి చెప్పారు. ఆ మాట ఎవరూ అననేలేదు. అన్నది “గుడ్ నైట్, మలేషియన్ త్రీ సెవెన్ జీరో” అని. విమానం పేరు చెప్పి సెలవు తీసుకోవడం, అంతే. పైలట్లు రోజూ అనే మాటే.

అనని మాటకు మూడు వారాలు అర్థాలు తీశారన్నమాట.

ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు మన బడుల్లో హైస్కూలు తరగతులకు వచ్చేశారు. ఫోన్లో వీడియో చూసి వచ్చి “సార్, ఆ విమానాన్ని దాచేశారు, తెలుసా?” అంటారు. ఇంట్లో అమ్మానాన్నలనూ అదే అడుగుతారు. “అవన్నీ పుకార్లు, పుస్తకం తియ్యి” అని తోసేయడం సులువే. కానీ ఆ ప్రశ్నలో సైన్సు ఉంది, లెక్కలున్నాయి, భూగోళం ఉంది. ఆశ్చర్యంగా అనిపించవచ్చు గానీ, తెలుగు వ్యాకరణం కూడా ఉంది.

తెలిసింది గోరంత

కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరిన బోయింగ్ 777 అది. 227 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది, మొత్తం 239 మంది. వాళ్లలో ఎక్కువ మంది చైనావాళ్లు. ఐదుగురు భారతీయులు. రాత్రి 12.42కు విమానం గాల్లోకి లేచింది. 1.19కి ఆ ‘గుడ్ నైట్’. రెండు నిమిషాల తర్వాత, మలేషియా పరిధి దాటి వియత్నాం పరిధిలో అడుగుపెట్టే చోట, పౌర విమానాల రాడార్ తెర మీద దాని గుర్తు ఆరిపోయింది. మిలిటరీ రాడార్ చూసింది వేరు. విమానం వెనక్కి తిరిగింది, మలేషియా ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటింది, అండమాన్ సముద్రం వైపు సాగింది. 2.22కు ఆ జాడ కూడా ఆగిపోయింది.

వెనక్కి మళ్లిన సంగతిని మలేషియా ప్రధాని స్పష్టంగా ప్రకటించేసరికి వారం గడిచింది. ఆ వారమంతా ఓడలు, విమానాలు ప్రధానంగా దక్షిణ చైనా సముద్రంలో వెతుకుతూనే ఉన్నాయి. ఖాళీ కనిపిస్తే ఊహ ఊరుకుంటుందా? నీళ్ల మీద నూనె తెట్టు కనిపిస్తే విమానానిదే అన్నారు. పరీక్షిస్తే ఓడల ఇంధనమని తేలింది. చైనా ఉపగ్రహ చిత్రాల్లో ఏవో తేలుతున్నట్టుంటే శకలాలన్నారు. వెళ్లి చూస్తే ఏమీ లేదు. హిందూ మహాసముద్రంలో అమెరికా స్థావరమున్న డీగో గార్షియాలో దింపారన్నారు. కౌలాలంపూర్ విమానాశ్రయానికి ఒక మంత్రగాడు రెండు కొబ్బరికాయలు, వెదురు దుర్భిణి పట్టుకొచ్చి కెమెరాల ముందు పూజ చేశాడు. మనం నవ్వుకుంటాం. అదే నెలలో ఒక అమెరికన్ వార్తా ఛానల్ యాంకర్, కృష్ణబిలం మింగి ఉంటుందా అన్న ప్రశ్నను నిపుణుల ముందు పెట్టాడు. ఆ కొబ్బరికాయలే నయం.

సరుకుల జాబితాలో నాలుగున్నర టన్నుల మాంగోస్టీన్ పండ్లున్నాయి. అవి పండే కాలమేనా అని కొందరు, పెట్టెల్లో ఇంకేదో ఉందని మరికొందరు చిలవలు పలవలు అల్లారు.

మన బంగాళాఖాతాన్నీ వదల్లేదు. అండమాన్ చుట్టూ, బంగాళాఖాతంలో మన నౌకాదళం, వైమానిక దళం నిజంగానే గాలించాయి. అది బాధ్యతతో చేసిన పని. ఏప్రిల్ నెలాఖరుకు వచ్చిన మాట వేరు. బంగ్లాదేశ్ తీరానికి దక్షిణాన 190 కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగున విమానం లాంటిది కనిపించిందని ఆస్ట్రేలియాకు చెందిన ఒక సర్వే సంస్థ చెప్పింది. బంగ్లాదేశ్ నౌకాదళం ఓడలు పంపి వెతికించింది. దొరికింది శూన్యం.

ఇద్దరు కుర్రాళ్లు, మోగే ఫోన్లు

వీటిలో చాలావాటికి నవ్వి ఊరుకోవచ్చు. రెండింటికి మాత్రం నవ్వు రాదు.

దొంగిలించిన పాస్‌పోర్టులతో ఇద్దరు ఆ విమానం ఎక్కారని మొదటి రోజే బయటపడింది. ఒకటి ఇటలీ దేశస్థుడిది, ఒకటి ఆస్ట్రియా దేశస్థుడిది. అది నిజమే. కానీ ఆ నిజం నుంచి ‘ఉగ్రవాదులు’ అన్న మాటకు వెళ్లడానికి లోకానికి గంటలు కూడా పట్టలేదు. నాలుగో రోజుకు పోలీసులు, ఇంటర్‌పోల్ కలిసి విషయం తేల్చారు. ఇద్దరూ ఇరాన్ వాళ్లు. యూరప్ చేరి ఆశ్రయం కోరాలనుకున్నవాళ్లు. ఉగ్రవాదంతో సంబంధమున్నట్టు ఆధారం లేదు. ఇద్దరిలో చిన్నవాడికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అతని కోసం తల్లి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎదురుచూస్తోంది. కొడుకు జాడ తెలియని ఆ నాలుగు రోజులూ ఆమె ఏ వార్త చూసినా కనిపించింది కొడుకు మీద అనుమానమే.

రెండోది ఫోన్ల సంగతి. విమానంలో ఉన్నవాళ్ల నంబర్లకు చేస్తే రింగ్ వినిపిస్తోందని బీజింగ్‌లో బంధువులు చెప్పారు. అంటే బతికే ఉన్నారని ఆశపడ్డారు. వాళ్లను తప్పుపట్టేదేమీ లేదు. కానీ మనకు వినిపించే ఆ ట్రింగ్ ట్రింగ్ అవతలి ఫోన్ నుంచి రాదు. నెట్‌వర్క్ ఆ ఫోన్ కోసం వెతుకుతున్నంతసేపూ మన చెవికి వినిపించే శబ్దం అది. ఫోన్ నీళ్లలో ఉన్నా కొద్దిసేపు వినిపించవచ్చు. ఇంత చిన్న సంగతిని వెంటనే విడమర్చి చెప్పకుండా, కొన్ని రోజుల పాటు దాన్నొక మిస్టరీగా చూపించిన వార్తలెన్నో.

అమ్మమ్మ వాడిన గుర్తు

ఇక వ్యాకరణం. తెలుగులో మనం కళ్లతో చూసింది చెబితే “విమానం దొరికింది” అంటాం. ఎవరో చెప్పగా విన్నదైతే “దొరికిందట” అంటాం. రాయలసీమలో, హోసూరు పక్క “దొరికిందంట”. ఒక్క అక్షరం. ‘ఇది నేను చూసింది కాదు, పూచీ నాది కాదు’ అని చెప్పేస్తుంది. అమ్మమ్మ కథ మొదలుపెట్టినప్పుడు కూడా అంతే, “ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడట”. ఆ రాజును తాను చూడలేదని ఆవిడ ముందే ఒప్పుకుంది.

ఇంగ్లిష్‌లో ఈ పనికి వేరే మాటలు తెచ్చుకోవాలి. మన పిల్లలకైతే రెండు భాషల్లో ఉంది. బళ్లారి పిల్లవాడు కన్నడంలో ‘బందనంతె’ అంటాడు. చెన్నై పిల్లకు తమిళంలో ‘వందానాం’ తెలుసు. షోలాపూర్‌లో వాక్యం చివర ‘మ్హణే’ తగిలిస్తారు. బరంపురంలో ఒడియా మాట్లాడేటప్పుడు ‘కుఆడే’ అంటారు. రెండు భాషలు పిల్లలకు బరువని దిగులుపడే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి చూడాలి. విన్నమాటకూ చూసినమాటకూ తేడా మన పిల్లల నాలుక మీద రెండుసార్లు ముద్రపడి ఉంది.

చిక్కల్లా ఆ ‘ట’ చేతులు మారేకొద్దీ రాలిపోవడంతోనే. మొదటి మనిషి “దింపారట” అంటాడు. మూడో మనిషికి అది “దింపారు”. పేపర్లవాళ్లం మేమూ తక్కువ తినలేదు. ‘ట’ పెట్టాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి పెద్ద అక్షరాల్లో అచ్చేస్తాం. చదివేవారి కంటికి అక్షరాలే ఆనతాయి, కొక్కెం ఆనదు.

అంచనా అంటే ఇదీ

ఊహకూ అంచనాకూ తేడా చూపించడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. రాడార్లన్నీ గుడ్డివైపోయాక కూడా ఆ విమానం ఒక ఉపగ్రహంతో ‘మాట్లాడింది’. ఇన్‌మార్‌శాట్ అనే సంస్థ ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఆస్ట్రేలియాలో పెర్త్ దగ్గరి కేంద్రం దాని ద్వారా సుమారు గంటకోసారి ‘ఉన్నావా?’ అని అడుగుతుంది. విమానంలోని పరికరం దానంతటదే ‘ఉన్నా’ అంటుంది. అంతే, ఎక్కడ ఉన్నదీ చెప్పదు. ఉదయం 8.19 వరకు అలాంటి సంకేతాలు వచ్చాయి.

జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిస్తే ఉపగ్రహం నుంచి దూరం తెలుస్తుంది. దూరం తెలిస్తే, దిక్కు తెలియదు కాబట్టి, భూమి మీద ఒక వృత్తం వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు కంపాస్‌తో గీసేదే. విమానం ఆ వృత్తం మీద ఎక్కడో ఉంది. ఉత్తరానా, దక్షిణానా? దానికి ఇంకో చిట్కా. రైలు దగ్గరికొస్తుంటే కూత సన్నగా, దూరమవుతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా, డాప్లర్ ప్రభావం. సంకేతాల ఫ్రీక్వెన్సీలో అలాంటి చిన్న తేడాలను లెక్కగట్టారు. అదే పద్ధతి సరైనదో కాదో ఇతర విమానాల సంకేతాల మీద పరీక్షించి చూశారు. ఆ తర్వాతే దక్షిణం అన్నారు. మార్చి 24న, విమాన ప్రయాణం దక్షిణ హిందూ మహాసముద్రంలో ముగిసిందని మలేషియా ప్రధాని ప్రకటించారు.

ఆ ఇంజనీర్లు ‘ఇదిగో ఇక్కడ’ అనలేదు. ‘ఈ చాపం మీద ఎక్కడో’ అన్నారు. ఆ ‘ఎక్కడో’ ఎంత పెద్దదంటే, ఆస్ట్రేలియా ఆధ్వర్యంలో 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భం గాలించారు. తెలంగాణ రాష్ట్రం కన్నా కాస్త ఎక్కువే. 2017 జనవరిలో ఆపేశారు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అనే ప్రైవేటు సంస్థ దాదాపు మరో తెలంగాణ అంత వెతికింది. 2025లో మలేషియా మళ్లీ అదే సంస్థతో 15,000 చదరపు కిలోమీటర్లకు ఒప్పందం చేసుకుంది. దొరికితేనే 7 కోట్ల డాలర్లు, లేకపోతే లేదు.

నిజం నిలకడ మీద తేలుతుందంటారు. ఈసారి అక్షరాలా తేలింది. 2015 జూలై 29న రీయూనియన్ దీవి ఒడ్డున, తీరం శుభ్రం చేసేవాళ్లకు రెక్క ముక్క ఒకటి దొరికింది. ఫ్రాన్స్ దర్యాప్తు అధికారులు అది ఆ విమానానిదేనని ధ్రువీకరించారు. తర్వాత టాంజానియా తీరంలో ఒకటి, మారిషస్‌లో ఒకటి. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి ఒకప్పుడు మనవాళ్లు ఓడలెక్కి వెళ్లిన మారిషసే. సముద్రంలో కూలింది అన్నమాటకు అప్పుడు ‘ట’ అక్కర్లేకపోయింది.

ఎందుకు అన్నమాటకు ఇంకా కావాలి. 2018 జూలైలో విడుదలైన 495 పేజీల మలేషియా నివేదిక చదివితే ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడం ఎలాగో తెలుస్తుంది. విమానాన్ని వెనక్కి తిప్పింది ఆటోపైలట్ కాదు, మనిషి చేయి అంది. ఎవరి చేయి అన్నది చెప్పలేదు. బయటివాళ్ల జోక్యాన్ని కొట్టిపారేయలేమంది. కారణం తేల్చలేకపోయామంది. పైలట్ ఇంట్లోని సిమ్యులేటర్‌లో దక్షిణ హిందూ మహాసముద్రం వైపు దారి ఉండటం నిజమే. దాని నుంచి ‘అతనే చేశాడు’ అనే వాక్యానికి నివేదిక వెళ్లలేదు. పుస్తకాలు, టీవీ కార్యక్రమాలు వెళ్లాయి. ఆ పైలట్‌కూ ఓ కుటుంబం ఉంది.

మూడు క్రియారూపాలు

తరగతిలో దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. బల్ల మీద మూడు క్రియలు రాయండి: దొరికిందట, దొరికి ఉండవచ్చు, దొరికింది. ఫోన్లో వచ్చిన వాక్యాలను పిల్లలు ఏ వరుసలో పెడతారో చూడండి. “ఎవరు చూశారు?” అన్న ప్రశ్న వాళ్లే వేసుకుంటారు. నల్లబల్ల మీద మధ్య వరుస ఎప్పుడూ ఖాళీగా మిగులుతుంది. విన్నది నేరుగా నిజమైపోతుంది, మధ్యలో ‘ఉండవచ్చు’ దగ్గర ఎవరూ ఆగరు. కాసేపు అక్కడే నిలబెట్టండి.

పిల్లలకు దూరదేశపు కథలా అనిపిస్తే మనకు దగ్గరిది ఒకటుంది. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వైమానిక దళ ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద మాయమైంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నైకి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున విమాన శకలాలు కనిపించాయి. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనిషిలేని జలాంతర వాహనం ఆ ఫొటోలు తీసింది. ఫొటోలను పరిశీలిస్తే ఏఎన్-32తో సరిపోయాయి. ఆ ప్రాంతంలో మరే విమానం గల్లంతైన దాఖలా లేదు.

అన్నీ చేతిలో ఉన్నా రక్షణ శాఖ ప్రకటన ఏమందో తెలుసా? ఇవి ఆ ఏఎన్-32 శకలాలు అయ్యుండవచ్చు అంది. వార్త విశాఖ చేరేసరికి ఆ ‘అయ్యుండవచ్చు’ ఎన్ని శీర్షికల్లో మిగిలిందో పాత పేపర్లు తీసి పిల్లల చేతనే లెక్కపెట్టించండి.