బ్రేకు మింగే పెట్రోలు

ఏటవాలు రోడ్డు మీద సైకిలు వేగంగా దిగి, క్రింద బ్రేకు పట్టి ఆపండి. వెంటనే రిమ్మును వేలితో తాకి చూడండి. వెచ్చగా ఉంటుంది. సైకిలుకున్న గతిశక్తి బ్రేకు రబ్బర్ల రాపిడిలో ఉష్ణంగా మారిందన్నమాట. ఆ వేడి గాలిలో కలిసిపోతుంది, మళ్ళీ మనకు దక్కదు.

కారులో ఈ నష్టం ఎంత? లెక్క కడదాం. వెయ్యి కిలోల కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున, పోతున్నదనుకోండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో హెచ్చవేస్తే గతిశక్తి 1,12,500 జౌళ్ళు వస్తుంది. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 30 లక్షల జౌళ్ళున్నా, చక్రాలకు అందేది దాదాపు నాలుగో వంతే. కాబట్టి ఆ వేగం అందుకోవడానికి 13, 14 మిల్లీలీటర్ల పెట్రోలు కాలాలి. ఎర్రదీపం వెలిగింది, బ్రేకు నొక్కారు, అంతా వేడైపోయింది! ఇలా 70 సార్లు ఆగితే ఇంచుమించు ఒక లీటరు.

ఈ శక్తిని దాచుకొనే ఏర్పాటు ఉన్నదే హైడ్రాలిక్ హైబ్రిడ్ వాహనం. బ్రేకు నొక్కగానే దాని చక్రాలు ఒక పంపును త్రిప్పుతాయి. పంపు నూనెను ఒక బలమైన తొట్టిలోకి కుక్కుతుంది. ఆ తొట్టి పేరు అక్యుములేటరు. అందులో ముందే నత్రజని నింపి ఉంటుంది. నూనెకూ వాయువుకూ మధ్య రబ్బరు తిత్తి అడ్డుగా ఉంటుంది. నూనె దాదాపుగా నలగదు గనుక నలిగేది వాయువే. పీడనం వాతావరణ పీడనానికి 300 రెట్లు కూడా దాటుతుంది. కారు కదలవలసినప్పుడు వాయువు నూనెను వెనక్కు నెడుతుంది. అప్పుడు ఆ పంపే మోటారుగా మారి చక్రాలను త్రిప్పుతుంది. ఇంజను ఆ కాసేపు నిద్రపోవచ్చు.

నత్రజనే ఎందుకు, గాలి నింపరాదా అని మీరు అడగవచ్చు. అంత పీడనం దగ్గర గాలిలోని ఆమ్లజని నూనెతో కలిస్తే ఏమవుతుందో డీజిలు ఇంజను గురించి చదివినవారు ఊహించగలరు!

ఈ తొట్టి బ్రేకు శక్తిని క్షణాల్లో మింగగలదు. బ్యాటరీకి అంత ఆత్రం చేతకాదు. ఐతే తొట్టి కడుపు మాత్రం చిన్నది. 20 లీటర్ల తొట్టిలో పట్టేది సుమారు 2 లక్షల జౌళ్ళు, అంటే చెంచాడు పెట్రోలులో ఉన్నంత శక్తి. పోనీ పెద్ద తొట్టి పెడదామా అంటే బరువు పెరుగుతుంది, సామాన్ల చోటు పోతుంది.

అందుకే ఇంధనం ఆదా చేసే కిటుకు తొట్టి సైజులో కాక, దాన్ని ఖాళీగా ఉంచడంలో ఉంది. వింతగా ఉందా? కారు వేగంగా పోతున్నప్పుడు తొట్టి నిండుగా ఉంటే, బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తికి చోటేది? కనుక వేగం హెచ్చేకొద్దీ తొట్టిని ఖాళీ చేస్తూ, ఆగేటప్పుడు నింపుకోవాలి. ఈ లెక్కంతా కంప్యూటరు చూసుకుంటుంది.

మరో చిక్కుంది. సైకిలు పంపు కొడితే వేడెక్కినట్లే, నలిగిన నత్రజని కూడా వేడెక్కుతుంది. కారు చాలాసేపు నిలబడితే ఆ వేడి తొట్టి గోడల గుండా పోయి పీడనం పడిపోతుంది. దీనికి విరుగుడుగా వాయువున్న వైపు స్పాంజి వంటి నురగ పదార్థం నింపుతారు. అది వేడిని పీల్చి దాచి, వాయువు వ్యాకోచించేటప్పుడు తిరిగి ఇస్తుంది.

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2006లో ఈ పద్ధతితో ఒక పార్సిలు బండిని తయారుచేయించింది. ప్రయోగశాల పరీక్షల్లో అది మామూలు బండికన్నా 60 నుంచి 70 శాతం ఎక్కువ మైలేజీ ఇచ్చింది. పార్సిలు బండి వీధి వీధికీ ఆగుతుంది కదా! కార్లలో ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సిట్రోయెన్ 2013లో ఇటువంటి చిన్న కారును ప్రకటించి, 100 కిలోమీటర్లకు 2.9 లీటర్లు చాలునన్నది. కాని అది అమ్మకానికి రాలేదు. ఖర్చు పంచుకొనే మరో కార్ల కంపెనీ దొరకలేదు.

ఈసారి సిటీ బస్సెక్కినప్పుడు అది ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టండి. 10 టన్నుల బస్సు అదే వేగం నుంచి ఆగితే పోయే శక్తి మన కారుకు పదింతలు.