బండి పోయినా పేరు పోదు

నంబర్ ప్లేటు చూస్తే చాలు, బండి పుట్టుపూర్వోత్తరాలు సగం తెలిసిపోతాయి. టీఎస్ 27 జనగామ, 26 మానుకోట, 25 భూపాలపల్లి. 2024 మార్చి తర్వాతివి టీజీ. ఏపీ 36 కనబడిందంటే ఉమ్మడి వరంగల్ నాటి బండి, రాష్ట్రం రాకముందుది. కొత్త కార్ల షోరూంలో ఎక్స్ఛేంజ్‌కు వచ్చే పాత బండ్లకు రేటు కట్టడం నా పని. మానుకోట వైపు మిర్చి డబ్బులు చేతికొచ్చాక, భూపాలపల్లిలో సింగరేణి లాభాల వాటా పడ్డాక నా ఫోనుకు తీరిక ఉండదు.

మొన్న ఒక పెద్దాయన, “బండిని కంటికి రెప్పలెక్క చూసుకున్న బిడ్డా, మూడున్నరకు పైస తక్కువియ్య” అన్నాడు. “బండి మంచిగనే ఉంది కాకా, కని నాలుగు టైర్లూ అరిగినయి. అవి నేనేసుకోవాలె కదా” అన్నాను. ఆయన కారు కడిగించి, మెరుపు పట్టించి తెచ్చాడు. మేం చూసేది ఆ మెరుపును కాదు. డోరు రబ్బరు బీడింగ్ కొంచెం పీకితే కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరుసగా కనిపించాలి. వరుస తప్పిందంటే ఎక్కడో గట్టి దెబ్బ తగిలినట్టే. పెయింటు మందం కొలిచే మీటరు పెడతాం. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. పుట్టీ పెట్టి రంగేసిన చోట 300 దాటిపోతుంది.

అన్నిటికంటే ముందు మాత్రం సీటు బెల్టు గుంజి చూస్తాను. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1 వరదకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. నీళ్లలో నిలబడ్డ బండికి సీట్లు ఉతికిస్తారు, కార్పెట్లు మారుస్తారు. బెల్టును మాత్రం చివరిదాకా లాగి కడిగేవాళ్లు తక్కువ. లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి మూరలో బురద మరక అట్లాగే ఉంటుంది. మునిగిన బండైతే ముందే చెప్పేయండి. మా చేతికి దొరికాక తగ్గే రేటు అంతకంటే ఎక్కువ.

ఇక బేరం. మా వైపు నుంచి జరిగేది కూడా చెప్పాలి కదా. ఒక షోరూం పాత బండికి 3 లక్షలు ఇస్తామని, కొత్తదాని మీద 10 వేలు తగ్గిస్తామని చెబుతుందనుకోండి. ఇంకొకరు పాతదానికి 2.75 లక్షలే అంటారు, కాని ఎక్స్ఛేంజ్ బోనస్ 20 వేలు, డిస్కౌంట్ 25 వేలు. మొదటిది ఘనంగా వినిపిస్తుంది, రెండోదాంట్లోనే మీకు 10 వేలు ఎక్కువ. అందుకే మూడు అంకెలూ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్తది చవకయితే పాతది కూడా దిగుతుంది. అంతకుముందు పక్కింటాయనకు వచ్చిన రేటు ఇప్పుడు అడిగితే రాదు.

పది వేల దగ్గర గంటసేపు కొట్లాడేవాళ్లు కూడా 29, 30 నంబరు ఫారాల మీద ఖాళీగానే సంతకాలు పెట్టి ఇంటికి పోతారు. నాకు భయం వేసేది అక్కడ. ఆ ఫారాలతో బండి ఒక బ్రోకరు నుంచి ఇంకో బ్రోకరుకు పోతుంది, ఆర్సీలో మాత్రం మీ పేరే. 2007లో ఒకాయన అమ్మిన కారు చేతులు మారి మారి 2009లో ప్రమాదం చేసింది. పరిహారం కట్టాల్సింది రిజిస్ట్రేషన్‌లో పేరున్న ఆయనేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలన్నది చట్టం. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు ఆథరైజేషన్ సర్టిఫికెట్ పద్ధతి కూడా వచ్చింది. అలాంటి డీలరు బండి తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే బాధ్యత ఆయన మీదికి పోతుంది. సర్టిఫికెట్ ఉందా అని అడగడానికి మొహమాటం వద్దు.

బ్యాంకు లోను తీరి ఉంటే ఎన్ఓసీ, ఫారం 35 తెచ్చుకోండి. ఫాస్టాగ్ మూసేయండి, లేదంటే కోమళ్ల టోల్‌గేటు దాటిన ప్రతిసారీ కోత మీ ఖాతాలోనే. చాలామంది వదిలేసేది నో క్లెయిమ్ బోనస్. అది బండిది కాదు, మీది. ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుంటే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే కొత్త బండికి వాడుకోవచ్చు.

చివరగా, బండి అప్పజెప్పిన తేదీ, టైము, కిలోమీటర్ల రీడింగు రాసి, సంతకం, ముద్ర ఉన్న డెలివరీ నోటు అడగండి. ఇవ్వనంటే తాళాలు ఇవ్వకండి.