అడవిలోనూ అమ్మ పరీక్షే!

చంటిపిల్లకి ఒంట్లో నలతగా ఉంటే మనం ముందు చూసేదేమిటి? విరేచనం ఎలా అయిందనేగా! నోరులేని అడవి కోతుల విషయంలో శాస్త్రవేత్తలు చేసేదీ అదేనని చదివి భలే ఆశ్చర్యపోయాను.

ఆఫ్రికాలోని ఉగాండాలో కిబాలే అనే అడవి ఉంది. 1993లో దాన్ని నేషనల్ పార్కు చేశారు. అక్కడి ఎర్ర కొలోబస్ కోతులకి ఆకులే ముఖ్యమైన తిండి. చుట్టుపక్కల పొలాలు పెరిగి, పార్కు బయట అడవి చిన్న చిన్న తోపులుగా మిగిలింది. ఆ తోపుల్లో చిక్కుకున్న కోతులు ఎలా ఉన్నాయో తెలిసేదెలా? పట్టుకుని సూది గుచ్చితే హడలిపోతాయి. అందుకని పరిశోధకులు వాటి వెంటే తిరిగి, కిందపడిన మలం సేకరిస్తారు. మైక్రోస్కోపులో చూస్తే కడుపులోని పురుగుల గుడ్లు కనిపిస్తాయి. ఒత్తిడికి ఒంట్లో పెరిగే కార్టిసాల్ హార్మోను జాడ కూడా అందులోనే దొరుకుతుంది.

థామస్ గిలెస్పీ, కొలిన్ చాప్‌మన్ ఇలా పరీక్షించి చూస్తే, పెద్ద అడవిలోని కోతులకన్నా తోపుల్లోని వాటికే పురుగుల బెడద ఎక్కువని తేలింది. నరికిన మొద్దులు ఎక్కువున్న తోపుల్లో మరీనూ! మొద్దంటే మనిషి చెయ్యి పడ్డ గుర్తేగా.

తలలు లెక్కపెడితే చాలదన్నమాట. లెక్క తగ్గకముందే ఆరోగ్యం చెడుతుంది.

మన డాబాలెక్కే కోతులది వేరే జాతి. ఆరేసిన వడియాలు ఎత్తుకుపోతే కోపం రాదా మరి! అలాగని జాలిపడి చేత్తో బిస్కెట్లూ అందించకండి. మన జబ్బులు వాటికీ, వాటివి మనకీ అంటుకోవచ్చు. వాటికి కావలసింది మన బిస్కెట్టు కాదు, నరకని చెట్టు.