సాయంత్రం అయిదింటికి మందిరం తాళం తీద్దాం

మార్కాపురం అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది పలక. ఎన్నో ఊళ్లలో పిల్లలు అక్షరాలు దిద్దుకున్న రాతి పలకలు ఇక్కడి గనుల నుండి, ఇక్కడి ఫ్యాక్టరీల నుండి వెళ్లినవే. అయితే ఆ పలకలు తయారుచేసిన చేతుల్లో బడికి వెళ్లవలసిన పిల్లల చేతులు కూడా ఉన్నాయి. 1987లో కేంద్ర ప్రభుత్వం బాల కార్మికులపై జాతీయ విధానం ప్రకటించింది. దాని వెనుకే వచ్చిన పథకానికి ఎంచుకున్న తొలి ప్రాంతాలలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పరిశ్రమలతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టి చదువు చెప్పించారు.

ఇప్పుడు మన పిల్లల పేర్లు బడి రిజిస్టరులో ఉంటున్నాయి. అందుకు దేవునికి స్తోత్రం. కానీ పేరు ఉండడం వేరు, చదువు రావడం వేరు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో ఈ తేడా బయటపడుతుంది. భిన్నాలు, రుణ సంఖ్యలు, బీజగణితం అన్నీ అప్పుడే వస్తాయి. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. కింది తరగతుల్లో భాగహారం సరిగా రాని పిల్లవాడికి పైది ఏదీ అర్థం కాదు. అడిగితే నవ్వుతారని అడగడు. ఇంటి దగ్గర తల్లిదండ్రులు చెప్పలేరు, ట్యూషనుకు డబ్బులుండవు. వానలు లేని సంవత్సరం మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు వెళితే నెలల తరబడి బడి పోతుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అబ్బాయి పనిలోకి, అమ్మాయి పెళ్లిలోకి వెళ్లిపోయిన ఇళ్లు మన సంఘాలలోనే ఉన్నాయి.

బడి వదిలాక చీకటి పడేలోపు గంటన్నర సమయం ఉంది. ఆ వేళకు మన మందిరాలు చాలావరకు తాళం వేసే ఉంటాయి. ఈ రెండింటినీ కలపవచ్చు.

ఇది మనకు కొత్త పరిచర్య కాదు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రేక్స్ మొదలుపెట్టిన ఆదివారపు బడి, వారంలో ఆరు రోజులూ పనిచేసే పేద పిల్లలకు చదవడం నేర్పిన బడి. సండే స్కూల్ అంటే పాటలు, కంఠతా వాక్యాలు మాత్రమే అన్నది తర్వాతి అలవాటు. మన ప్రాంతంలో కూడా 19వ శతాబ్దం చివర మిషను పని వచ్చినప్పుడు ప్రార్థన ఇల్లు, పల్లె బడి ఒకే కప్పు కింద ఉండేవి. ఈనాడు మనలో చదువుకున్న కుటుంబాలు తాతల కాలానికి వెళ్లి చూస్తే, మొదటి అక్షరం చాలామందికి అక్కడే దొరికింది.

ఎలా మొదలుపెట్టాలి? మొదటి సాయంత్రం పాఠం చెప్పవద్దు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని రెండో తరగతి స్థాయి కథ ఒకటి చదివించండి. అప్పు తెచ్చుకొని చేసే తీసివేత ఒకటి, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఒకటి ఇవ్వండి. ఏ తరగతి అన్నది కాకుండా ఏది వచ్చో, ఏది రాదో చూసి గుంపులు చేయండి. ఏడో తరగతి పిల్లవాడికి భాగహారం రాకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ముంబయిలో 1995లో మొదలైన ప్రథమ్ సంస్థ పట్టుకున్న మార్గం ఇదే. వడోదర, ముంబయి బడులలో స్థానిక యువతుల చేత, వెనుకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లలకు రోజుకు రెండు గంటలు వేరుగా చెప్పించారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు దీనిని పరిశీలించి, మార్కులు స్పష్టంగా పెరిగాయని చూపారు. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. చెప్పినవారు పెద్ద డిగ్రీలవారు కారు. మన సంఘంలో ఇంటర్, డిగ్రీ చదివిన యౌవనస్థులు ఆ పని చేయగలరు. రిటైరైన టీచరుగారు ఒకరు వారికి దారి చూపితే చాలు.

లెక్కలు పిల్లల ఇంటి నుంచే తీయండి. "మీ నాయనకు ఉన్నది 37 సెంట్లు, అంటే ఎకరంలో నూటికి 37 వంతులు, అంటే 0.37" అంటే దశాంశం ఆ పిల్లవాడి పొలంలోకే వస్తుంది.

కళ్లముందు ఒక గురి కూడా ఉండాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుండి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12 వేల చొప్పున, నాలుగేళ్లలో 48 వేల రూపాయలు విద్యార్థి ఖాతాలో పడతాయి. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల పిల్లలు అర్హులు. రెసిడెన్షియల్ బడుల పిల్లలు కారు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం. బీసీ-సీ సర్టిఫికెట్ ఉన్న మన పిల్లలకు ఈ సడలింపు వర్తించదు గనుక వారిని ఏడో తరగతిలోనే సిద్ధం చేయాలి. పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోటి 90 ప్రశ్నలు. ఒకటి ఆలోచనా శక్తికి, ఒకటి లెక్కలు, సైన్సు, సోషల్ పాఠాలకు. దరఖాస్తు హెడ్మాస్టరుగారి ద్వారా వెళ్లాలి. ఆదాయ, కుల సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు తప్పులు ముందే సరిచేయించడం సంఘ పెద్దలు చేయగల పని. పిల్లవాడు చదివి కూడా కాగితం లేక ఆగిపోకూడదు.

మూడు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, తలుపులు తెరిచే ఉండాలి. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, అందులో ఒక సహోదరి తప్పక ఉండాలి. చీకటి పడకముందే ఆడపిల్లలు ఇల్లు చేరాలి.

రెండోది, ఏ మతం, ఏ కులం పిల్లలైనా రావచ్చు. ఆ గంటన్నర చదువుకే. తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పండి, చెప్పినట్టే నడపండి. ఆరాధనకు ఆదివారం ఉంది.

మూడోది, డబ్బు. మన దేశంలో ఎన్నో సంఘాల ప్రాంగణాలలో పిల్లల కేంద్రాలకు సహాయపడిన కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థకు 2016లో, ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా విదేశీ నిధులు పంపకూడదన్న ఆంక్ష వచ్చింది. మతమార్పిడికి నిధులు ఇస్తోందన్న ఆరోపణను సంస్థ ఖండించింది. అయినా 2017 మార్చిలో ఇక్కడి పని మూసివేయవలసి వచ్చింది. సుమారు లక్షా 45 వేల మంది పిల్లలకు ఆ సహాయం ఆగిపోయింది. తప్పు ఎవరిదన్న వాదన పక్కనబెట్టినా ఒక పాఠం మిగులుతుంది: దూరం నుండి వచ్చే డబ్బు మీద నిలబడినది ఆ డబ్బుతోనే ఆగిపోతుంది. మనకు కావలసినవి ఒక బల్బు, చాపలు, నల్లబల్ల, సుద్దముక్కలు, ఆకలితో వచ్చే పిల్లలకు గుప్పెడు గుగ్గిళ్లు. స్త్రీల సమాజం, యౌవనస్థుల కూటం కలిస్తే ఇది మన కానుకలతోనే జరుగుతుంది.

లూకా సువార్తలో పన్నెండేళ్ల యేసును మనం దేవాలయంలో బోధకుల మధ్య చూస్తాం. వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు. పన్నెండేళ్లంటే మన లెక్కన ఏడో తరగతి. ఆ వయసు పిల్లవాడు భయం లేకుండా ప్రశ్న అడిగే చోటు మన మందిరంలోనూ ఉండాలి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ పెద్దలు పది నిమిషాలు కూర్చోండి. ఆరు నుండి ఎనిమిది చదివే పిల్లలు మీ పల్లెలో ఎందరో పేర్లు రాయండి. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో అప్పుడే తేల్చుకోండి.